రైతు సాయం మీ ఊళ్లో ఎవరి ఖాతాలో పడుతోంది? లెక్క తీయడం ఎలా

ఊళ్లో రైతు సాయం మాట ఎత్తితే చాలు, ఇద్దరు ముగ్గురు ఒకేసారి అందుకుంటారు. "పొలం గట్టు తొక్కని వాళ్లకు పడుతోంది, దున్నేవాడికి దిక్కు లేదు" అని ఒకరు. "పోయిన విడత వచ్చింది, ఈ విడత ఎందుకు ఆగిందో చెప్పేవాడు లేడు" అని ఇంకొకరు. ఇద్దరి మాటా నిజం కావచ్చు. కానీ నోటిమాటగా ఉన్నంతకాలం మండల కార్యాలయంలో దానికి పూచికపుల్ల విలువ ఉండదు. పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం, మొత్తం అని నాలుగు గడులు గీసి చూపిస్తే ఉంటుంది.

ఆ నాలుగు గడులు నింపడం ఎలాగో ఇక్కడ చెబుతున్నాను. స్మార్ట్‌ఫోను, ఒక లాంగ్ నోటుబుక్, కొంచెం ఓపిక ఉంటే చాలు. వార్డు సభ్యులు, రైతు సంఘం వాళ్లు, విలేకరులు, సెలవులకు ఊరికి వచ్చిన డిగ్రీ విద్యార్థులు ఎవరైనా చేయవచ్చు.

మొదలుపెట్టే ముందు ఒక్క సంగతి మనసులో ఉంచుకోండి. మన రెండు రాష్ట్రాల్లోనూ రైతు సాయం ప్రధానంగా పట్టాదారు పాస్‌పుస్తకాన్ని బట్టి వస్తుంది, సాగును బట్టి కాదు. కాబట్టి "ఎవరికి వచ్చింది" అన్న ఒక్క జాబితా చూసి ఏమీ తేల్చలేరు. భూమి ఎవరి పేరున ఉంది, పంట ఎవరు వేశారు, సొమ్ము ఎవరికి పడింది అనే మూడు జాబితాలు పక్కపక్కన పెట్టాలి. పనంతా ఆ మూడింటిని సంపాదించడంలోనే ఉంది.

ఒక రెవెన్యూ గ్రామం, ఒక పథకం, ఒక విడత

మండలం మొత్తం ఒకేసారి తేల్చేద్దామని దిగకండి. వేల పేర్లు వచ్చి పడతాయి, వారం తిరగకముందే నోటుబుక్ మూలన పడుతుంది. ఒక గ్రామం, ఒక పథకం, ఒక విడత ఎంచుకోండి.

గ్రామం అంటే పంచాయతీ కాదు, రెవెన్యూ గ్రామం. ఒక పంచాయతీలో రెండు రెవెన్యూ గ్రామాలు ఉండవచ్చు, ఒక రెవెన్యూ గ్రామం రెండు పంచాయతీల్లోకి చీలి ఉండవచ్చు. భూమి రికార్డులన్నీ రెవెన్యూ గ్రామం లెక్కన ఉంటాయి. ఊళ్లో ఉంటూ పక్క ఊళ్లో భూమి ఉన్నవాళ్లు, పట్నంలో ఉంటూ ఇక్కడ భూమి ఉన్నవాళ్లు ప్రతి గ్రామంలోనూ ఉంటారు. ఈ తేడా మొదటే గుర్తించకపోతే "ఫలానా ఆయన పేరు జాబితాలో లేదు" అని గోల చేసిన తరువాత, ఆ పేరు పక్క గ్రామం జాబితాలో నిక్షేపంగా కనిపిస్తుంది.

పథకం నియమం ముందు, పేర్లు తరువాత

ఒక్కో పథకానికి ఒక్కో తర్కం. అది తెలియకుండా పేర్లు చూస్తే అందరూ దొంగల్లాగే కనిపిస్తారు.

పీఎం కిసాన్ కేంద్రం పథకం. కుటుంబానికి ఏడాదికి 6,000 రూపాయలు, 2,000 చొప్పున మూడు విడతలు. 2019 ఫిబ్రవరిలో మొదలైంది. కుటుంబం అంటే భార్య, భర్త, మైనరు పిల్లలు. భూమి 2019 ఫిబ్రవరి 1 నాటికి పేరు మీద ఉండాలి; ఆ తరువాత కొన్నవారికి రాదు, వారసత్వంగా వచ్చినవారికి వస్తుంది. క్రితం ఏడాది ఆదాయపు పన్ను కట్టినవారు, నాలుగో తరగతి సిబ్బంది మినహా ప్రభుత్వ ఉద్యోగులు, నెలకు 10,000 లేదా అంతకు మించి పెన్షన్ తీసుకునేవారు, వృత్తిలో ఉన్న డాక్టర్లు, లాయర్లు, ఇంజనీర్లు, చార్టర్డ్ అకౌంటెంట్లు అనర్హులు. భర్త ఉద్యోగి అయి భూమి భార్య పేరున ఉంటే, కుటుంబం ఒక్కటే కాబట్టి ఆమె కూడా అనర్హురాలే. ఊళ్లలో ఎక్కువగా దాటిపోయే నిబంధన ఇదే. కౌలు రైతుకు ఈ పథకంలో చోటే లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో అన్నదాత సుఖీభవ. కేంద్రం ఇచ్చే 6,000 కలుపుకొని ఏడాదికి 20,000. ఇదీ కుటుంబం లెక్కే. ఎకరం ఉన్నా నాలుగెకరాలు ఉన్నా అంతే. 2025 ఆగస్టు 2న ప్రకాశం జిల్లా దర్శి నియోజకవర్గం వీరాయపాలెంలో మొదటి విడత విడుదలైంది. రాష్ట్రం 5,000, కేంద్రం 2,000, మొత్తం 7,000. అంతకుముందు 2019 అక్టోబరు నుంచి నడిచిన వైఎస్సార్ రైతు భరోసాలో ఈ మొత్తం కేంద్రం వాటాతో కలిపి 13,500.

తెలంగాణ దారి వేరు. 2018 మేలో రైతుబంధు మొదలైనప్పుడు ఎకరానికి సీజనుకు 4,000, మరుసటి ఏడాది నుంచి 5,000. భూమికి గరిష్ఠ పరిమితి పెట్టలేదు, ఉద్యోగి అన్న మినహాయింపూ లేదు. 2025 జనవరి 26న వచ్చిన రైతు భరోసా దాన్ని ఏడాదికి ఎకరాకు 12,000 చేసింది. సాగుకు పనికిరాని భూమిని, అంటే లేఅవుట్లు, రోడ్లు, గుట్టలు, గనులు వంటివాటిని తీసేసింది. ఎకరాల లెక్క మాత్రం అలాగే ఉంచింది. ఎకరం రైతుకు 12,000, ఇరవై ఎకరాల ఆసామికి 2,40,000. ఇది మీకు అన్యాయంగా తోచవచ్చు, నాకూ అలాగే తోస్తుంది. కానీ ఆ ఆసామి తప్పు చేసినట్టు కాదు. నియమమే అది. మీ ఫిర్యాదు నియమం మీదనా, నియమం తప్పడం మీదనా అన్నది వేరు చేసుకోండి. మొదటిది చెప్పవలసింది ఎమ్మెల్యేకు, రెండోది మండల వ్యవసాయ అధికారికి.

ప్రభుత్వ ప్రకటనలను కూడా ఇదే కళ్లతో చదవండి. వీరాయపాలెం రోజు చెప్పిన అంకెల ప్రకారం రాష్ట్రం వాటా సుమారు 2,343 కోట్లు, కేంద్రం వాటా సుమారు 831 కోట్లు. మొదటిదాన్ని 5,000తో భాగిస్తే దాదాపు 46.86 లక్షల కుటుంబాలు. రెండోదాన్ని 2,000తో భాగిస్తే దాదాపు 41.6 లక్షలు. అంటే అయిదు లక్షలకు పైగా కుటుంబాలకు రాష్ట్రం సొమ్ము వచ్చి, కేంద్రం సొమ్ము రాలేదు. మీ ఊళ్లో "నాకు అయిదు వేలే పడ్డాయి, రెండు వేలు ఎవరు తిన్నారు" అని అడిగేవారికి జవాబు చాలాసార్లు ఇక్కడే ఉంటుంది. ఎవరూ తినలేదు, కేంద్రం జాబితాలో పేరు లేదు.

మొదటి జాబితా: భూమి ఎవరి పేరున

ఆంధ్రప్రదేశ్‌లో మీభూమి పోర్టల్ తెరవండి. జిల్లా, మండలం, గ్రామం ఎంచుకుంటే అడంగల్, 1-బి దొరుకుతాయి. 1-బిలో ఖాతా వారీగా పట్టాదారు పేరు, సర్వే నంబర్లు, విస్తీర్ణం ఉంటాయి. అడంగల్‌లో పట్టాదారు పేరుతో పాటు అనుభవదారు పేరు, ఆ అనుభవం ఎలా వచ్చిందన్న గడి ఉంటాయి. ఆ గడిని నమ్మేసి కూర్చోకండి. చాలా ఊళ్లలో రెండు గడుల్లోనూ ఒకే పేరు కనిపిస్తుంది, పొలంలో మూడో మనిషి కనిపిస్తాడు.

తెలంగాణలో భూభారతి పోర్టల్. సర్వే నంబరు లేదా పాస్‌పుస్తకం నంబరుతో వెతకాలి. 2020లో దీనికి ముందున్న ధరణి పోర్టల్ వచ్చినప్పుడు పహాణీలోని, అంటే అక్కడి అడంగల్‌లోని, అనుభవదారు గడి ఎగిరిపోయింది. దాంతో కౌలుదారు రికార్డులో కనబడే ఆఖరి కిటికీ కూడా మూసుకుపోయింది. అందుకని తెలంగాణ గ్రామాల్లో రెండో జాబితా ఇంకా ముఖ్యం.

ఊరంతా రాయనక్కర్లేదు. ఒక చెరువు కింది ఆయకట్టునో, ఒక బ్లాకులోని వరుస సర్వే నంబర్లనో తీసుకోండి. యాభై అరవై కమతాలు వస్తే చాలు. మీకు నచ్చిన పేర్లు ఏరుకోకుండా వరుసగా రాయడం ముఖ్యం. ఏరుకున్నారని తెలిస్తే మీ లెక్కను ఎవరూ లెక్కపెట్టరు.

రాసేటప్పుడు విస్తీర్ణం జాగ్రత్త. ఆంధ్రలో ఎకరం అంటే వంద సెంట్లు, తెలంగాణలో నలభై గుంటలు. 2.20 అని రాసి ఉంటే ఆంధ్రలో రెండెకరాల ఇరవై సెంట్లు, తెలంగాణలో రెండెకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. కంప్యూటర్‌లో ఎక్సెల్‌కి ఎక్కించేవారు ఈ చుక్క దగ్గరే బోల్తా పడతారు.

రెండో జాబితా: పంట ఎవరిది

ఆంధ్రలో ఈ-పంట నమోదు ఉంది. గ్రామ వ్యవసాయ సహాయకుడు లేదా ఉద్యాన సహాయకుడు సీజనులో పొలం వారీగా పంట పేరు, విస్తీర్ణం, సాగుదారు పేరు నమోదు చేస్తారు, ఫోటో తీస్తారు, సాగుదారు వేలిముద్రతో ఈకేవైసీ, అంటే ఆధార్ ద్వారా గుర్తింపు నిర్ధారణ, చేయిస్తారు. నమోదు ముగిశాక ముసాయిదా జాబితాను సామాజిక తనిఖీ కోసం రైతు సేవా కేంద్రంలో పెట్టాలి. పాత అలవాటు కొద్దీ జనం దాన్ని ఇంకా ఆర్బీకే (రైతు భరోసా కేంద్రం) అనే అంటున్నారు. ఆ జాబితా గోడమీద ఉండేది కొద్ది రోజులే. ఆ రోజుల్లో వెళ్లి ఫోనుతో ఫోటోలు తీసుకోండి. తరువాత అడిగితే అదే కాగితానికి అర్జీ, రసీదు, నెల రోజుల నిరీక్షణ తప్పవు.

తెలంగాణలో వ్యవసాయ విస్తరణ అధికారి, అంటే ఏఈవో, తన క్లస్టరులో, అంటే తన కిందున్న గ్రామాల్లో, పంటల నమోదు చేస్తారు. రాష్ట్రంలో 2,601 రైతు వేదికలు ఉన్నాయి, క్లస్టరుకు ఒకటి. అడగవలసిన చోటు అదే. ఒక్క ఏఈవో కింద వేల ఎకరాలు ఉంటాయి కనుక ప్రతి మడికీ వెళ్లి రాశారని అనుకోవద్దు. మీరు తీసుకున్న బ్లాకు వరకు మీరే నడిచి చూడండి. గట్టు మీద నిలబడి "ఈ మడి ఎవరు చేస్తున్నారు" అని అడిగితే రెండు నిమిషాల్లో తెలిసే సంగతి, ప్రభుత్వ రికార్డులో ఏళ్ల తరబడి ఎక్కదు.

కౌలు మాట అడిగేటప్పుడు నెమ్మదిగా అడగండి. "కౌలుకా?" అనగానే చాలామంది "లేదు, మాదే, బంధువులది" అంటారు. భయం అది. భూమి యజమాని చెవిన పడితే వచ్చే ఏడాది కౌలు ఉండదు. ఎరువు ఎవరు కొన్నారు, వడ్లు ఎవరి పేరున అమ్మారు, ఎకరానికి ఎన్ని బస్తాలు ఇవ్వాలి అని అడిగితే సంగతి దానంతట అదే బయటికి వస్తుంది.

ఈ శ్రమ ఎందుకంటే, కౌలు మన దగ్గర ఎక్కడో ఒకచోట ఉన్న వ్యవహారం కాదు. 2019లో జరిగిన జాతీయ నమూనా సర్వే 77వ విడతలో, కౌలు భూమి ఉన్న సాగు కమతాల వాటా దేశంలో ఆంధ్రప్రదేశ్‌లోనే ఎక్కువని తేలింది. నూటికి నలభైకి పైన.

మూడో జాబితా: సొమ్ము ఎవరికి

పీఎం కిసాన్ పోర్టల్లో ఫార్మర్స్ కార్నర్ అనే భాగంలో బెనిఫిషియరీ లిస్ట్ ఉంటుంది. రాష్ట్రం, జిల్లా, మండలం, గ్రామం ఎంచుకుని గెట్ రిపోర్ట్ నొక్కితే గ్రామం మొత్తం పేర్లు వస్తాయి. లాగిన్ అక్కర్లేదు, ఓటీపీ అక్కర్లేదు. పేజీలు పేజీలుగా వస్తుంది, ఓపికగా దించుకోండి. అదే పోర్టల్లో గ్రామ డ్యాష్‌బోర్డు కూడా ఉంది. ఎంతమందికి చెల్లింపు జరిగింది, ఎంతమంది ఆధార్ సరిపోలలేదు అన్న మొత్తాలు అక్కడ చూడవచ్చు.

ఒకరి వివరం కావాలంటే నో యువర్ స్టేటస్‌లో రిజిస్ట్రేషన్ నంబరు కొట్టాలి, ఓటీపీ ఆ రైతు ఫోనుకే వెళుతుంది. కాబట్టి ఆయన పక్కన కూర్చుని చేయండి. ఇతరుల ఆధార్ నంబర్లు మీ నోటుబుక్‌లో రాసుకోవద్దు. ఎంత నమ్మకస్తులైనా సరే.

అన్నదాత సుఖీభవకు వేరే పోర్టల్ ఉంది, అక్కడా స్థితి చూసుకోవచ్చు. గ్రామం మొత్తం జాబితా కావాలంటే రైతు సేవా కేంద్రంలో అర్హుల, అనర్హుల జాబితాలు అడగండి. తెలంగాణలో రైతు భరోసా చెల్లింపుల జాబితాకు ఏఈవోను, ఆయన దగ్గర లేదంటే మండల వ్యవసాయ అధికారిని అడగాలి. నోటితో అడిగినప్పుడే ఇచ్చేసే మంచి అధికారులు ఉన్నారు. సమాచార హక్కు చట్టం మాట మొదటే ఎత్తి వాళ్లను బిగుసుకుపోయేలా చేయకండి.

మూడూ పక్కపక్కన

ఇప్పుడు నోటుబుక్‌ను అడ్డంగా తిప్పి గీతలు గీయండి. సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు, సాగుదారు, జమ అయిన పేరు, మొత్తం, గమనిక. వరుసలు ఎలా ఉంటాయో ఊహించి చెబుతాను.

112/2, మూడెకరాలు. పట్టాదారు సుబ్బయ్య, సాగుదారు సుబ్బయ్య, జమ సుబ్బయ్యకే. గమనిక ఖాళీ. ఇలాంటి వరుసలే ఎక్కువ ఉంటే సంతోషం, అదీ రాయండి.

112/3, రెండెకరాలు. పట్టాదారు పట్నంలో ఉండే రిటైర్డ్ ఉద్యోగి, సాగుదారు కౌలుకు చేసే ఏసు, జమ పట్టాదారుకు. ఇక్కడ రెండు ప్రశ్నలు విడివిడిగా ఉన్నాయి. పెన్షన్ పదివేలు దాటుతుంటే ఆయన పీఎం కిసాన్‌కు అనర్హుడు, అది నియమం తప్పడం. ఏసుకు ఏమీ రాకపోవడం నియమంలోని లోటు.

112/4, ఎకరంన్నర. పట్టాదారు ఏడేళ్ల కిందట చనిపోయిన వెంకమ్మ, సాగు కొడుకులిద్దరిది, జమ ఎవరికీ లేదు. ఇది మ్యుటేషన్, అంటే రికార్డులో వారసుల పేరుకు మార్పు, కాకపోవడం వల్ల వచ్చిన చిక్కు. మీసేవలోనో సచివాలయంలోనో దరఖాస్తు పెడితే తీరుతుంది. వ్యవసాయ శాఖతో దీనికి పని లేదు.

జమ ఇంకా వెంకమ్మ పేరునే పడుతుంటే సంగతి వేరు. ఇది మన దగ్గరే అనుకోకండి. అమెరికాలో 1999 నుంచి 2005 వరకు చనిపోయిన 1,70,000 మందికి పైగా రైతుల పేర్ల మీద 110 కోట్ల డాలర్ల వ్యవసాయ చెల్లింపులు వెళ్లాయని అక్కడి ప్రభుత్వ తనిఖీ సంస్థ 2007లో తేల్చింది. అక్కడ ఒక స్వచ్ఛంద సంస్థ కౌంటీ వారీగా ఎవరికి ఎంత సబ్సిడీ అందిందో పేర్లతో సహా ఇంటర్నెట్‌లో పెడుతుంది. అయినా పంట బీమా రాయితీ అందుకున్నవారి పేర్లు మాత్రం అక్కడా బయటికి రావు. ఏ దేశంలోనైనా ఏదో ఒక జాబితా దాగే ఉంటుందన్న మాట.

తేడా కనబడగానే అరవకండి

డబ్బు రానివాళ్లలో ఎక్కువమందికి కారణం చిన్నదే. ఈకేవైసీ కాలేదు. బ్యాంకు ఖాతాకు ఆధార్ జోడించారు కానీ ఎన్‌పీసీఐ మ్యాపింగ్, అంటే ఆధార్ మీద వచ్చే ప్రభుత్వ సొమ్ము ఏ ఖాతాలో పడాలో చెప్పే నమోదు, వేరే ఖాతాకు ఉంది. ఈ చివరిది ఊళ్లలో బోలెడంత గందరగోళం పెడుతుంది. రైతు పాత సహకార బ్యాంకు పుస్తకం పట్టుకుని "పడలేదు" అంటాడు. ఎప్పుడో గ్యాస్ సబ్సిడీ కోసమో, పిల్లవాడి స్కాలర్‌షిప్పు కోసమో తెరిచి మరచిపోయిన ఖాతాలో ఆ సొమ్ము మూడు విడతలుగా పడి ఉంటుంది. బ్యాంకుకు వెళ్లి ఆధార్ ఏ ఖాతాకు మ్యాప్ అయిందో చూడమనండి, ముందు ఆ పని.

పేరులో ఒక అక్షరం తేడా, పాస్‌పుస్తకంలో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో వెనుక. ఉమ్మడి ఖాతా. ఒకే రేషన్ కార్డులో తండ్రీ కొడుకులు ఉండటంతో ఇద్దరినీ ఒకే కుటుంబంగా లెక్కకట్టడం. 2019 తరువాత కొన్న భూమి. వీటిని గమనిక గడిలో రాసుకుంటూ పోతే మిగిలేవి కొన్నే వరుసలు. అసలు ప్రశ్నలు వాటిలోనే ఉంటాయి.

చిన్న కారణాలకు ఫోను చేయడానికి నంబర్లు ఉన్నాయి. పీఎం కిసాన్‌కు 155261, ఆంధ్రలో అన్నదాత సుఖీభవకు 155251. ఫోను చేసినప్పుడు ఫిర్యాదు నంబరు అడిగి తీసుకోండి. అనర్హుడినని తానే తెలుసుకున్నవారు తిరిగి కట్టేందుకు పీఎం కిసాన్ పోర్టల్లోనే వీలుంది. 112/3 వరుసలోని రిటైర్డ్ ఉద్యోగి లాంటివారి గురించి తహసీల్దారుకు రాయడానికి ముందు ఆయనకే ఆ సంగతి చెప్పి చూడండి. చాలామందికి నిజంగానే తెలియదు.

అడిగినా ఇవ్వకపోతే

సమాచార హక్కు చట్టం 2005. సెక్షన్ 4(1)(బి)లో పన్నెండో అంశం చదవండి: సబ్సిడీ పథకాల అమలు తీరు, కేటాయించిన మొత్తాలు, లబ్ధిదారుల వివరాలు ప్రతి కార్యాలయం ఎవరూ అడగకముందే ప్రకటించాలి. మీ అర్జీకి పునాది అదే. మండల కార్యాలయంలో రుసుము 5 రూపాయలు, జిల్లా స్థాయిలో 10, గ్రామ స్థాయిలో ఏమీ లేదు. తెల్లకార్డు ఉన్నవారు నకలు జతచేస్తే రుసుము అక్కర్లేదు. కోర్టు ఫీజు స్టాంపు అంటించినా సరిపోతుంది.

"ఎందుకు ఇవ్వలేదు" అని అడగవద్దు. కారణాలు, అభిప్రాయాలు చట్టం కింద రావని ఒక్క వాక్యంలో తిప్పి పంపుతారు. రికార్డు అడగండి. ఇలా రాయవచ్చు:

"ఫలానా మండలం, ఫలానా రెవెన్యూ గ్రామంలో, ఫలానా పథకం, ఫలానా విడత కింద (1) సొమ్ము జమ అయిన వారి పేరు, భూమి ఖాతా నంబరు, విస్తీర్ణం, మొత్తం, తేదీ, (2) తిరస్కరించిన వారి పేరు, భూమి ఖాతా నంబరు, రికార్డులో నమోదైన తిరస్కరణ కారణం, (3) సామాజిక తనిఖీకి ప్రదర్శించిన జాబితా, అందిన అభ్యంతరాలు, వాటిపై తీసుకున్న చర్య. వీటి ధ్రువీకృత నకళ్లు ఇప్పించగలరు. ఆధార్, బ్యాంకు ఖాతా, ఫోను నంబర్లు నాకు అవసరం లేదు."

"భూమి ఖాతా" అని పూర్తిగా రాయడం మరచిపోకండి. వట్టి "ఖాతా నంబరు" అంటే బ్యాంకు ఖాతా అనుకుని వ్యక్తిగత సమాచారం పేరుతో అర్జీ మొత్తం కొట్టేస్తారు. చివరి వాక్యం కూడా అందుకే. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం సమాచార హక్కు చట్టంలోని సెక్షన్ 8(1)(జె)ను మార్చింది, 2025 నవంబరులో అది అమల్లోకి వచ్చింది. వ్యక్తిగతం అన్న ఒక్క మాటతో తిరస్కరించే వీలు పెరిగింది. అయినా సెక్షన్ 4 అలాగే ఉంది. ప్రజా ప్రయోజనం ఎక్కువైతే ఇవ్వవచ్చనే సెక్షన్ 8(2) కూడా ఉంది. ఆ రెండు సెక్షన్లు అర్జీలోనే రాసెయ్యండి.

జవాబుకు గడువు 30 రోజులు. కాగితం వేరే కార్యాలయంలో ఉంటే 5 రోజుల్లో వాళ్లే అక్కడికి బదిలీ చేయాలి, మిమ్మల్ని తిప్పకూడదు. నకళ్లకు పేజీకి 2 రూపాయలు. పేజీలు వందల్లో ఉంటాయనిపిస్తే నకళ్లకు బదులు రికార్డు తనిఖీ అడగండి. కార్యాలయంలో కూర్చుని చూసి రాసుకోవచ్చు, మొదటి గంటకు రుసుము లేదు. నకళ్ల కట్టకన్నా రిజిస్టరు చూడటం వల్లే ఎక్కువ తెలుస్తుందని నా అభిప్రాయం. కొట్టివేతలు, ఎర్రసిరా, పక్కన పెన్సిలు రాతలు జిరాక్సులో సరిగా పడవు.

మిగతా సబ్సిడీల సంగతి

నగదు సాయంలో అవకతవకలు ఉన్నా, కుటుంబానికి ఇంత, ఎకరానికి ఇంత అని నియమం ఉంది కాబట్టి దొరికిపోతాయి. అసలు పలుకుబడి పనిచేసేది సంఖ్య తక్కువగా ఉండే వాటిలో: రోటవేటర్లు, స్ప్రేయర్లు, డ్రోన్లు, అద్దె యంత్రాల కేంద్రాలు, డ్రిప్ పరికరాలు. మండలానికి పదో పరకో వస్తాయి. దరఖాస్తు గడువు తెలిసేలోపే ముగుస్తుంది. గత అయిదేళ్ల లబ్ధిదారుల జాబితా, వచ్చిన దరఖాస్తుల రిజిస్టరు, ఎంపిక ప్రాతిపదిక, ఈ మూడూ అడగండి. ఒకే ఇంటిపేరు ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టండి.

యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలకు వస్తోందంటే మిగతా ధర కేంద్రం కంపెనీకి కడుతోంది. అమ్మకం పీవోఎస్ యంత్రంలో ఆధార్‌తో జరుగుతుంది కనుక, కౌలు రైతు ఏ కాగితమూ లేకుండా ఈ సబ్సిడీ అందుకోగలుగుతున్నాడు. ఆ రసీదులు పారేయవద్దని చెప్పండి. ఉచిత విద్యుత్తు బోరు ఉన్నవాడికి, మద్దతు ధర అమ్ముకోవడానికి ధాన్యం ఉన్నవాడికి. వాటి లెక్క వేరే.

కౌలు రైతు పేరు రాసే ముందు

మీరు తయారుచేసిన పట్టికలో అన్నిటికంటే ప్రమాదంలో ఉన్నది సాగుదారు గడి. అది గ్రామసభలో చదివారంటే, యజమాని మరునాడే "నా పొలం నాకు వదిలెయ్" అనవచ్చు. పాత కౌలుదారీ చట్టాల భయం యజమానుల్లో ఇంకా పోలేదు. కౌలుదారు పేరు కాగితం ఎక్కితే భూమి చేయి దాటుతుందనే అనుకుంటారు. ఆంధ్రలో 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలు రైతుకు ఇచ్చే సీసీఆర్సీ (పంట సాగుదారు హక్కు) కార్డు 11 నెలలకే చెల్లుతుంది. దానివల్ల భూమిపై ఏ హక్కూ రాదని చట్టంలోనే ఉంది. కానీ ఆ కార్డుకు యజమాని సంతకం కావాలి, ఆ సంతకం దగ్గరే కథ ఆగిపోతుంది.

అందుకని రెండు ప్రతులు చేయండి. పేర్లన్నీ ఉన్నది మీ దగ్గరే ఉంచుకోండి. బయటికి ఇచ్చేదానిలో కౌలు కమతాల సంఖ్య, మొత్తం ఎకరాలు, వాటి మీద యజమానులకు పడిన సొమ్ము మాత్రమే ఉండాలి. "ఈ ఆయకట్టులో అరవై కమతాలు, ఇరవైనాలుగు కౌలువి, వాటికి పడిన సాయంలో సాగుదారుకు చేరింది సున్నా" అన్న ఒక్క వాక్యం, పేర్ల జాబితా కంటే గట్టిగా పనిచేస్తుంది. కార్డుకు ఒప్పుకునే యజమానులు ఊళ్లో ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. వాళ్ల దగ్గర మొదలుపెట్టి, సంతకం చేసినా ఏమీ కాలేదని మిగతావాళ్లకు వాళ్ల చేతే చెప్పించండి.

తెలంగాణలో రైతు భరోసా పట్టాదారుకే. భూమిలేని కూలీ కుటుంబాలకు 2025లో వచ్చిన ఇందిరమ్మ ఆత్మీయ భరోసా ఏడాదికి 12,000, ఉపాధి హామీలో కనీసం 20 రోజులు పనిచేసి ఉండాలి. అరెకరం సొంత భూమి ఉండి అయిదెకరాలు కౌలుకు చేసే మనిషి అందులోకీ రాడు. మీ పట్టికలో ఇలాంటివాళ్లు ఎందరున్నారో విడిగా లెక్క రాయండి.

గ్రామసభ తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి జరగాలి. మీ అంశం అజెండాలో పెట్టమని సర్పంచికి, కార్యదర్శికి ముందుగానే రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు మీద తేదీ వేయించుకోండి. సభలో చెప్పింది మినిట్స్ పుస్తకంలో రాశారో లేదో లేచి రాకముందే చూడండి. రాయకపోతే రాయించి, ఆ పేజీ ఫోటో తీసుకోండి.

ఇక సమాచార హక్కు అర్జీకి జవాబు రాకపోయినా, తృప్తిగా లేకపోయినా వేసే మొదటి అప్పీలు గడువు: జవాబు అందిన రోజు నుంచి, లేదా జవాబు రావలసిన గడువు ముగిసిన రోజు నుంచి 30 రోజులు. దానిపైన సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు 90 రోజుల్లో. అర్జీ ఇచ్చిన రోజే ఈ తేదీలన్నీ క్యాలెండరులో గుండ్రంగా చుట్టి పెట్టుకోండి. అప్పీలు చాలామంది ఓడిపోయేది వాదన బలహీనమై కాదు, తేదీ దాటిపోయి.